నలభై రెండు టిక్కులు

పోస్టాఫీసు కౌంటరు వెనక ఇరవై నాలుగేళ్ళు కూర్చున్న మనిషికి కాగితం మీద ఖాళీ గడి కనిపిస్తే కంట్లో నలుసు పడ్డట్టుంటుంది. "ఖాళీలు వదలకండి, తిరిగొస్తుంది" అని రోజుకు వందసార్లు చెప్పి చెప్పి, ఆమెకు చుట్టుపక్కల ఖాళీలమ్మ అనే పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. మొగుడి పక్షవాతానికి వైద్యం చేస్తామని పరాయి దేశం నుంచి వచ్చిన ఫారాన్ని కూడా ఆవిడ అదే నియమంతో నింపింది. ఆ తర్వాత జరిగిందంతా ఆ నింపడం వల్ల జరిగిందే.

మొగుడు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. ఆయన వీధిలోకొస్తే దుకాణాల వాళ్ళు తూకం రాళ్ళు మార్చుకునేవాళ్ళు. అరగ్రాము తేడా కూడా ఆయన కన్నుగప్పి పోలేదు. ఇంట్లో మాత్రం పుల్ల తీసి అవతల పెట్టిన పాపాన పోలేదు. మంచినీళ్ళు కావాలంటే చెయ్యి చాపేవాడు. గ్లాసు చేతిలోకి వచ్చేది. అది ఎటునుంచి వచ్చిందో చూడాల్సిన అవసరం ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా పడలేదు. ఎనిమిది నెలల కిందట ఒక దుకాణంలో తక్కెడ ముందు వంగి ముల్లు చూస్తూ చూస్తూ కుడిపక్కకు ఒరిగిపోయాడు. తేడా తక్కెడలో ఉందా తనలో ఉందా అని తేల్చుకునే లోపే నేల మీదున్నాడు.

ప్రాణానికి భయం లేదన్నారు. మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. కుడి చెయ్యీ, కుడి కాలూ మాత్రం అలిగి కూర్చున్నాయి. ఖాళీలమ్మ ఉన్న సెలవులన్నీ వాడేసింది. లేని సెలవులు కూడా బతిమాలి తెచ్చుకుంది. చివరికి పోస్టుమాస్టరు పిలిచి, ఇంకో మూడు నెలల్లో సీట్లో కూర్చోవాలి, లేదా రాజీనామా రాసివ్వాలి అన్నాడు. ఆడపడుచు అయితే ఆ రాజీనామా ఎప్పుడో ఆమోదించేసింది. అన్నయ్యను ఒక్కణ్ణీ ఇంట్లో వదిలి ఆడది బయటికెలా పోతుంది, ఇంకా ఆ కౌంటరెందుకు వదినా అని ఫోన్లో రోజూ ఒకే పాట. పిల్లలు లేని ఇల్లు. చూసుకునే మనిషి వేరే లేదు.

ఆ కౌంటరెందుకో ఖాళీలమ్మ ఆడపడుచుకి చెప్పలేదు. చెప్పినా అర్థం కాదు. ఆ అద్దం వెనక కూర్చున్నంతసేపు ఆవిణ్ణి ఎవరూ మంచినీళ్ళు అడగరు. అడగాల్సి వస్తే వరసలో నిలబడి అడగాలి. తొమ్మిదింటి నుంచి ఆరింటి దాకా ఈయన ఇంట్లో ఒక్కడే క్షేమంగా ఉండగలడని ఏ డాక్టరైనా కాగితం మీద రాసిస్తే చాలు. ఆవిడ సీటు ఆవిడకుంటుంది. దేవుణ్ణి అంతకంటే ఎక్కువ అడగదలుచుకోలేదు.

మన ఆసుపత్రిలో పది రోజులకయ్యే ఖర్చుతో అక్కడ ఆరు వారాలు, ఉండటానికి గదితో సహా చూస్తారని విని, ఆ పరాయి దేశపు కేంద్రానికి రాసింది. ఫారం వచ్చింది. అందులో రెండో పేజీలో 'జబ్బుకు ముందు రోగి చేసే పనులు' అని నలభై రెండు పనుల జాబితా ఉంది. పక్క సర్దుకోవడం, బట్టలు మడతపెట్టడం, కూరలు తరగడం, అన్నం వార్చడం, గిన్నెలు కడగడం, ఇల్లు తుడవడం. ఒక్కో పనికీ ఎదురుగా మూడు గడులు: తానే చేసేవారు, ఇతరుల సాయంతో చేసేవారు, చేయలేకపోయేవారు.

ఖాళీలమ్మ పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చుంది. చేయలేకపోయేవారు అని టిక్కు పెడితే, నిక్షేపంలాంటి మనిషిని అవిటివాణ్ణి చేసినట్టు. సాయంతో అంటే, అదీ అబద్ధమే, ఆయన అసలు ఆ పక్కకే రాలేదు కదా. చేయగలరు గాని చేయవలసిన ఖర్మ పట్టలేదు అనే గడి ఆ ఫారం తయారుచేసినవాళ్ళకు తోచలేదు. ఖాళీ వదిలితే తిరిగొస్తుంది. చివరికి కళ్ళు మూసుకుని మొదటి గడిలోనే వరసగా నలభై రెండు టిక్కులు పెట్టింది. పెట్టాక చూసుకుంటే పేజీ ముచ్చటగా ఉంది. ఇలాంటి మొగుడు ఎవరికైనా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

వారం తిరక్కుండా రమ్మని జవాబొచ్చింది. పైన ఆ కేంద్రం వాళ్ళ మాట అచ్చువేసి ఉంది: 'మీరు పూర్వం ఎలా ఉండేవారో మిమ్మల్ని అలాగే ఇంటికి పంపుతాం.'

కేంద్రం ఒక నాలుగంతస్తుల భవనం. కింద కసరత్తు హాలు, పైన రోగుల గదులు. ప్రతి గదికీ రెండు మంచాలు, పట్టుకోవడానికి గోడ పొడవునా కడ్డీ, మూలన చిన్న వంటగట్టు. శిక్షణ ఇచ్చే ఆవిడ ఆ దేశపు మనిషే. పదకొండేళ్ళుగా మనవైపు రోగులను చూసి చూసి, వాళ్ళ దగ్గరే తెలుగు నేర్చుకుంది. అందుకని ఆవిడ తెలుగులో సగం ఆజ్ఞలూ, సగం మూలుగులూ ఉండేవి. ఆయన్ని బాబాయిగారూ అనీ, ఈవిణ్ణి పిన్నిగారూ అనీ పిలిచేది. ఓపిక లేక చతికిలబడితే, "దిక్కుమాలిన కాలు, పదండి బాబాయిగారూ" అని ఎంతో మర్యాదగా అనేది. ఏ రోగి నోటివెంట విన్నదో గాని, అది ప్రోత్సాహమనే అనుకునేది.

మొదటి రెండు వారాలూ కడ్డీల మధ్య నడక, మైనపు ముద్ద పిసకడం, చిల్లుల పలకలో మేకులు గుచ్చడం. ఇన్‌స్పెక్టరు గారు బాగానే కదిలాడు. నాలుగు కాళ్ళ కర్రతో వరండా చివరిదాకా పోయి రాగలిగాడు. కుడి చెయ్యి కూడా మెల్లగా అలక మానింది. గట్టిగా పట్టుకోలేదు గాని, గిన్నె జారకుండా అదిమిపెట్టేంత పని చేస్తోంది. మూడో వారం మొదట్లో గోడకు కొత్త పట్టిక అంటించారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. సోమవారం పక్క సర్దడం, మంగళవారం బట్టల మడత, బుధవారం నుంచి వంట.

"నేనొచ్చింది వైద్యానికా, కొత్త కోడలిగానా?" అన్నాడు.

"ఇక్కడి వైద్యం ఇంతేనటండీ" అంది ఖాళీలమ్మ, సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకుని.

ఆయన నియమాలకు విలువనిచ్చే మనిషి. అచ్చులో ఉన్నదాన్ని ఎదిరించడు. కర్ర ఆనించి, ఒంటి చేత్తో దుప్పటి లాగడం మొదలుపెట్టాడు. దుప్పటి ఒక పక్క సరిచేస్తే ఇంకో పక్క లేచేది. అరగంట పోరాడాక మంచం మీద ఎవరో కుస్తీ పట్టినట్టు తయారైంది. అది చూసి ఖాళీలమ్మకు ప్రాణం ఒప్పేది కాదు. శిక్షకురాలు ఏడింటికి వస్తుంది. ఆరూ ముప్పావుకే ఈవిడ నాలుగు మూలలూ లాగి, దిండు తట్టి ఉంచేది. ఆయన చేసిన మడతలు విప్పి మళ్ళీ తనే మడిచేది. శిక్షకురాలు వచ్చి చూసి, "శభాష్ బాబాయిగారూ" అని తన పుస్తకంలో మార్కులు వేసుకునేది. ఆ మార్కులు ఎవరివో ఇన్‌స్పెక్టరు గారికి తెలుసు. అయినా తీసుకున్నాడు.

పక్క గదిలో ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు, ఆయనా మనవాడే, ఆయనకూ ఒక పక్క పడిపోయింది. సాయంత్రాలు వరండాలో ఇద్దరూ కూర్చునేవాళ్ళు. రోజులు గడిచేకొద్దీ ఇన్‌స్పెక్టరు గారి పూర్వచరిత్ర పెరుగుతూ వచ్చింది. ఇంట్లో తను లేందే పొయ్యి వెలిగేది కాదన్నాడు. ఈవిడ ఉద్యోగానికి పోతుంటే క్యారేజీ తనే కట్టేవాణ్ణన్నాడు. తలుపు వెనక నిలబడి విన్న ఖాళీలమ్మకు నవ్వాలో, ఆ క్యారేజీ రుచి ఎలా ఉండేదో అడగాలో తెలియలేదు. ఫారంలోని అబద్ధం తనది. దానికి ఇంత చక్కటి ప్రాణం పోస్తున్నది ఆయన.

కింద హాలు పక్కనున్న శిక్షణ వంటగదిలోకి అడుగుపెట్టిన మొదటి రోజే ఆయన అక్కడి చిన్న తూకం యంత్రం ఆరు గ్రాములు ఎక్కువ చూపిస్తోందని పట్టేశాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ముఖం వెలిగింది. మరమ్మతు చేయించేదాకా పప్పు తూచనని కూర్చున్నాడు. శిక్షకురాలు దాన్ని కూడా మంచి లక్షణంగానే రాసుకుంది.

చిక్కు తర్వాతి వారం మొదట్లో వచ్చింది. ఆ కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. శిక్షణ వంటగదిలో డబ్బాలన్నీ రోగి ఇంట్లో ఎలా ఉంటాయో అలాగే సర్దుతారు. అలవాటైన చోటికి చెయ్యి తనంతట తనే పోతుంది, మెదడు దారి సులువుగా పట్టుకుంటుంది అని. అందుకోసం రోగి తన వంటింటి పటం గీయాలి. శిక్షకురాలు బల్ల మీద పెద్ద కాగితం పరిచి, పిన్నిగారిని గది అవతలి మూల కూర్చోబెట్టి, నోరు మెదపొద్దంది.

ఉప్పు ఎక్కడుంటుంది అని అడిగింది. పై అరలో అన్నాడు. పప్పులు? పై అరలో. నూనె? ఆయన కాస్త ఆలోచించి, అదీ, బియ్యమూ పై అరలోనే అన్నాడు. బియ్యం డబ్బా పై అరలో ఎలా పట్టిందని ఆవిడ అడగలేదు, రాసుకుంది. పొయ్యికి కుడివైపు ఏముందంటే గోడ అన్నాడు. ఎడమవైపేముందంటే ఇంకో గోడ అన్నాడు. గిన్నెలు కడిగే తొట్టి ఎక్కడంటే, "నీళ్ళొచ్చే చోట" అన్నాడు కొంచెం చిరాగ్గా. పొయ్యి వెలిగించే మీట ఎటు తిప్పాలో అడిగినప్పుడు మాత్రం ఎడమచెయ్యి గాల్లో అటోసారి ఇటోసారి తిప్పి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళు కాపురం ఉన్న ఇల్లు. మూలనున్న ఖాళీలమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శిక్షకురాలి పెన్ను నడక తగ్గింది. ఆవిడ కళ్ళల్లో జాలి కనపడింది.

ఆ మధ్యాహ్నం ఇంకా పరీక్షలు చేశారు. తన ఇలాకాలోని దుకాణాల పేర్లన్నీ వరసగా చెప్పాడు, ఏ దుకాణంలో ఏ కాటాకు ఏ లోపం ఉందో చెప్పాడు, పదేళ్ళ కిందటి లైసెన్సు నంబర్లు చెప్పాడు. వంటింట్లో మాత్రం అంతా శూన్యం. పెద్ద డాక్టరు స్వయంగా దిగివచ్చి ఆ పటం చూసి, పైకి గంభీరంగానూ లోపల సంతోషంగానూ తల ఊపాడు.

బట్టలుతికే యంత్రాల గదిలో శిక్షకురాలు ఖాళీలమ్మ చెయ్యి పట్టుకుంది. "పిన్నిగారూ, గుండె రాయి చేసుకోండి" అంది. ఆ మాటా ఎవరో రోగి బంధువుల దగ్గర నేర్చుకున్నదే. బాబాయిగారి మెదడులో ఇంటి జ్ఞాపకాలుండే చోటు పూర్తిగా దెబ్బతింది అని చెప్పింది. వేరే లోటు లేదు గాని, జీవితమంతా చేసిన పని ఒక్కటి కూడా గుర్తులేని మనిషిని నిప్పూ కత్తీ ఉండే ఇంట్లో వదలకూడదు. రోగిని ఎప్పుడూ ఒంటరిగా ఉంచరాదు అని పెద్ద డాక్టరు నివేదిక రాస్తున్నారు. మిగతా మూడు వారాలూ మాత్రం బాగా చూసుకుంటాం, మీకే లోటూ రానివ్వం అంది.

యంత్రంలో ఎవరివో దుప్పట్లు గిరగిర తిరుగుతున్నాయి. ఖాళీలమ్మకు కనపడింది మాత్రం తన కౌంటరు అద్దమూ, దాని వెనక ఇంకెవరిదో తలా.

పొద్దున్నే పెద్ద డాక్టరు గదిలో నలుగురూ కూర్చున్నారు. డాక్టరుకు తెలుగు రాదు, అటుదిటూ ఇటుదటూ శిక్షకురాలు చెప్పాలి. ఇన్‌స్పెక్టరు గారు బొత్తాల చొక్కా వేసుకుని, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. మెదడులో ప్రత్యేకమైన చోట దెబ్బ తగిలిందని చెప్పగానే ఆయనకు బాధేమీ కలగలేదు. కొంత గౌరవంగానే తోచింది.

ఖాళీలమ్మ శిక్షకురాలి వైపు తిరిగింది. "ఆయన ఏదీ మర్చిపోలేదమ్మా. ఆయనకెప్పుడూ తెలియదు. ఆ ఫారం నేనే నింపాను."

శిక్షకురాలు వెంటనే డాక్టరుకు చెప్పలేదు. మళ్ళీ చెప్పమంది. ఖాళీలమ్మ మళ్ళీ చెప్పింది. పక్క సర్దలేదు, బట్ట మడవలేదు, గ్లాసు కడగలేదు, నలభై రెండింటిలో ఒక్కటి కూడా ఆయన చేసింది లేదు. అసలు వంటింట్లోకి వచ్చింది గృహప్రవేశం రోజొక్కటే.

"అంత ఖచ్చితంగా ఎలా చెప్తావు నువ్వు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు గారు. "చేసే ఉంటాను. దెబ్బ తగిలి మర్చిపోయానేమో. డాక్టరు గారంతటివాడు ఊరికే అంటాడా?"

డాక్టరు ఆయన వైపే మొగ్గాడు. కారణం ఉంది. శిక్షకురాలు మొహమాటపడుతూ చెప్పింది. మన భాషవాళ్ళలో మగరోగులకు పక్షవాతం వస్తే వంటింటి జ్ఞాపకం ఒక్కటే చెరిగిపోతుందని ఈయన ఎప్పుడో కనిపెట్టారట. ఇంకే దేశంవాళ్ళ మెదళ్ళలోనూ ఇలా లేదట. పదకొండు మంది దొరికారు, బాబాయిగారు పన్నెండోవారు. దాని మీద పెద్ద వ్యాసం రాసి సభలో చదవబోతున్నారు.

ఖాళీలమ్మ ఆ పదకొండు మంది భార్యల గురించి ఆలోచించింది. పదకొండు ఇళ్ళల్లో పదకొండు మంది పెన్ను పట్టుకుని, ఆ మూడు గడుల ముందు కూర్చుని ఉంటారు.

"డాక్టరు గారింట్లో పంచదార ఎక్కడుంటుందో కాస్త అడగమ్మా" అంది.

శిక్షకురాలు అడిగింది. డాక్టరు నోరు తెరిచాడు. కిటికీ వైపు చూశాడు. పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. తర్వాత పొడిగా ఏదో అన్నాడు.

"అది వేరే విషయం అంటున్నారు" అంది శిక్షకురాలు. మాట మామూలుగానే వచ్చింది గాని, ఆవిడ భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ముఖం కాగితాల వెనక దాచుకుంది. ఆవిడకూ ఒక ఇల్లుందన్న సంగతి ఖాళీలమ్మకు అప్పుడే తట్టింది.

వ్యాసం అక్కడితో ఆగింది గాని నియమం ఆగలేదు. టిక్కులు కొట్టేసి సరైన వివరాలు కంప్యూటరులో ఎక్కించగానే కొత్త లెక్క తేలింది. పూర్వపు స్థితి సున్నా. ఇప్పుడు ఇన్‌స్పెక్టరు గారు దిండు సర్దగలడు, సగం వంకాయ తరగగలడు. అంటే జబ్బుకు ముందుకంటే ఎంతో మెరుగయ్యాడు. ఇలాంటి రోగిని ఇంకా ఉంచుకోవడానికి వీల్లేదు, శనివారం డిశ్చార్జి. డాక్టరు ఈ మాట చెప్పేటప్పుడు కొంచెం కక్ష తీర్చుకున్నట్టే ఉన్నాడు.

"ఒంటరిగా ఉండగలరని రాస్తారా మరి?" అంది ఖాళీలమ్మ.

అది ఇంతవరకూ ఎవరూ పరీక్షించి చూడలేదు కదా అన్నాడు డాక్టరు. ఇన్‌స్పెక్టరు గారు భార్య వైపు తిరిగాడు. "ఒంటరిగా నేనెందుకుంటాను? నువ్వుంటావుగా."

ఇంతకాలం ఆవిడ ఆయన ముందు ఈ మాట అనలేదు. ఆడపడుచు అన్నప్పుడు ఫోను పెట్టేసింది, పోస్టుమాస్టరు అన్నప్పుడు తల ఊపింది. ఇప్పుడు పరాయి దేశంలో, ఇద్దరు బయటివాళ్ళ ఎదుట నోరు విప్పింది.

"నేనుండనండీ. నాకు నా సీటు కావాలి. పొద్దున తొమ్మిదింటికి తలుపేసుకుని పోయి సాయంత్రం ఆరింటికి రావాలి. మీ మీద కోపంతో కాదు. మీరు బజారుకు పోయి కాటాలు చూసొచ్చేవారు కదా, అలాగే."

ఆయన కర్ర పిడి మీద ఎడమచేతి వేళ్ళు ఒకటొకటే ఎత్తి దించాడు. శిక్షకురాలు ఆ మాటల్ని డాక్టరుకు చెప్పలేదు. తనే ఒక దారి చెప్పింది. శుక్రవారం ఒక్కరోజు పరీక్ష పెడదాం. తొమ్మిదింటికి పిన్నిగారు బయటికి పోవాలి, ఆరింటికి రావాలి. బాబాయిగారు స్నానం, మందు, భోజనం అన్నీ తనే చూసుకోవాలి. ఆరు దాటాక గిన్నెలు కడిగితే పరీక్ష పూర్తయినట్టు. నేను గంటకోసారి తలుపు సందులోంచి చూస్తాను, సాయం చెయ్యను. ఎవరైనా ఏ ఒక్క పనికి వేలు పెట్టినా ఓడినట్టే. గెలిస్తే ఉండగలడని రాస్తాం, ఓడితే ఉండలేడని రాస్తాం.

శుక్రవారం పొద్దున ఖాళీలమ్మ ఐదింటికే లేచింది. చొక్కా బొత్తాలు కింది మూడు పెట్టేసి కుర్చీకి తగిలించింది. మందుల డబ్బా మూత వదులు చేసింది. వంట డబ్బాల మూతలన్నీ పైపైన ఆనించింది. తొమ్మిదికి శిక్షకురాలు వచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా మూతలన్నీ ఒకటొకటిగా బిగించింది. చొక్కా బొత్తాలు విప్పింది. తర్వాత తలుపు తీసి పట్టుకుంది. ఖాళీలమ్మ వెళ్ళలేక వెళ్ళింది.

వీధిలోకి వచ్చి పది అడుగులు వేసేసరికి ఫోను మోగింది. తువ్వాలు ఎక్కడుంది అన్నాడు. జవాబు నోటిదాకా వచ్చింది. తలుపు వెనక మేకుకు, ఎడమ పక్క. మింగేసింది. "చూసుకోండి" అని పెట్టేసింది. పదింటికి మళ్ళీ మోగింది, తియ్యలేదు. పదిన్నరకు రెండుసార్లు మోగింది. పదకొండు తర్వాత మోగడం మానేసింది. మోగుతున్నప్పుడే నయమనిపించింది. మోగనప్పటి నుంచి ఐదు నిమిషాలకోసారి ఫోను తీసి చూసుకుంది. పడ్డాడేమో, అలిగాడేమో, తడి నేల మీద కర్ర జారిందేమో.

ఒక చెప్పుల దుకాణం అద్దాల్లో చూసింది. బస్సు ఎక్కి, అది ఎటు పోతే అటు పోయి, అదే బస్సులో తిరిగొచ్చింది. ఒక పార్కు బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా ఒక ముసలాయన పావురాలను తోలుతున్నాడు. ఎవరికీ ఏమీ వండక్కర్లేదు, ఎవరినీ లేపక్కర్లేదు, ఎవరి మందుకూ టైము కాలేదు. మొదటి గంట అదొక శిక్షలా గడిచింది. మూడో గంటకు చేతులు ఒళ్ళో ఊరికే ఉండటం నేర్చుకున్నాయి. నాలుగింటికి తలెత్తి చూస్తే ముసలాయన లేడు, ఎప్పుడు వెళ్ళాడో తను గమనించలేదు. కూర్చునే ఒక కునుకు తీసిందని అర్థమై, ఎవరో చూశారేమోనని సిగ్గుపడింది.

సరిగ్గా ఆరింటికి గది తలుపు తట్టింది. తాళం చెవి చేతిలోనే ఉంది. లోపలి నుంచి "వస్తున్నా" అన్నాడు. కర్ర చప్పుడు మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. తలుపు పిడి దగ్గర చాలాసేపు తంటాలు. పక్కన నిలబడ్డ శిక్షకురాలు ఈవిడ చేతిలోని తాళం చెవి వైపు చూసింది. ఖాళీలమ్మ దాన్ని సంచీలో వేసేసింది. తలుపు తెరుచుకుంది.

చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటిగా ఉన్నాయి, ఒక భుజం పైకి లేచింది. గదంతా మాడు వాసన. మూలకు నెట్టిన పళ్ళెం ముక్కలు. మందుల డబ్బాలో మధ్యాహ్నం గడి ఖాళీ. అన్నం గిన్నె అడుగున నల్లగా పట్టింది, పైన సగం లేదు. అంటే తిన్నాడు.

"పొద్దుటి నుంచి ఒక్క నిమిషం కూర్చోలేదు" అన్నాడు. "ఒకటి అవగానే ఇంకోటి. ఇంతింత పనుంటుందా ఒక్క మనిషికి? ఇంతసేపూ నువ్వేం చేశావు?"

"ఏమీ చెయ్యలేదండీ. ఊరికే కూర్చున్నాను."

దొంగ రాయి పెట్టిన దుకాణదారును చూసినట్టు చూశాడు. "తొమ్మిది గంటలా?"

"మధ్యలో కాస్త నిద్రపోయాను కూడా."

ఆయన తొట్టి వైపు తిరిగాడు. గిన్నెలు మిగిలాయి. శిక్షకురాలు గోడకు ఆనుకుని పుస్తకం తెరిచింది. ఖాళీలమ్మ గట్టి కుర్చీలో కూర్చుంది. ఆయన ఎడమచేత్తో పీచు పట్టుకుని, కుడి మోచేత్తో గిన్నెను గట్టుకు అదిమి రుద్దుతున్నాడు. రుద్దాల్సిన చోట తప్ప అన్నిచోట్లా రుద్దుతున్నాడు. నీళ్ళు మణికట్టు మీదుగా మోచేతిలోకి, అక్కణ్ణుంచి పంచెలోకి కారుతున్నాయి. ఆవిడ సగం లేచింది. శిక్షకురాలి పెన్ను పైకి లేచింది. ఆవిడ కూర్చుంది. చేతులు వాటంతటవే లేచిపోతున్నాయని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద తన బరువంతా వేసింది.

గిన్నె అయింది. గరిటె అయింది. గ్లాసు సబ్బుతో జారింది. ఆయన దాన్ని పొట్టకూ గట్టుకూ మధ్య ఆపి, కుడి చేతి వేళ్ళు వంకరగా చుట్టి పట్టుకుని, కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత కడిగాడు. కడిగిన గ్లాసును వెలుగుకు ఎత్తి చూసుకున్నాడు. అందులో మరక కనపడింది గాబోలు, మళ్ళీ మొదటి నుంచి కడిగాడు. ఆరూ పావు దాటి, ఆరున్నరైంది. ఖాళీలమ్మ ఆయన చేతుల మీంచి కళ్ళు తిప్పలేదు.

చివరికి నీళ్ళు కట్టేశాడు. శిక్షకురాలు ఏదో రాసి, కింద గీత గీసి, కాగితం తెచ్చి ఖాళీలమ్మ ఒళ్ళో పెట్టింది. ఒంటరిగా ఉండగలరు. ఇక్కడ సంతకం పెట్టండి పిన్నిగారూ అంది.

ఖాళీలమ్మ చేతులు బయటికి తీసింది. అరగంట తొడల కింద నలిగిన చేతులు. వేళ్ళు తనవి కానట్టున్నాయి. పెన్ను అందుకోబోతే జారి నేల మీద పడింది. ఇంకోసారి ప్రయత్నిస్తే చూపుడు వేలు వంగనే లేదు.

ఇన్‌స్పెక్టరు గారు కర్ర మీద వంగి ఆసక్తిగా చూశాడు. "తిమ్మిరెక్కిందా? తొందరపడకు. ముందు బొటనవేలు. ఆ తర్వాత దాని పక్కది. మెల్లగా."

"ఆ పెన్నొకసారి అందిస్తారా?"

"అందించకూడదు" అన్నాడు ఆయన. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క నియమం తప్పని మనిషి, తడి పంచెతో అక్కడే నిలబడి, ఆవిడ వంగి తీసుకునేదాకా ఓపిగ్గా చూస్తూ ఉన్నాడు.